మేలుకొన్న ఊరు: జావా కొండ గ్రామాలలో ధనప్రాణ రక్షణ – ఒక నైతిక పరిశీలన

తెలుగులో 'ధన మాన ప్రాణాలు' అన్న మాట ఒకే సమాసంగా స్థిరపడింది. ఆపదను వర్ణించే కథకుడూ, రక్షణకు హామీ ఇచ్చే పాలకుడూ దానినే వాడతారు. మూడింటినీ వరుసగా నిలిపి, దేనికి దానిని విడిగా కాపాడవచ్చునన్న భావం ఆ సమాసంలో ఇమిడి ఉంది. ధనం మొదట, ప్రాణం చివర రావడం తీవ్రతను పెంచుకుంటూ పోయే క్రమం కావచ్చు, మూల్యనిర్ణయం కానక్కరలేదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ధనమూ ప్రాణమూ నిజజీవితంలో అంత విడివిడిగా ఉంటాయా? రక్షణ అనేది ఒక్కొక్క మనిషి ఆస్తి చుట్టూ కట్టే గోడ వంటిదా, లేక మనుషుల నడుమ నెలకొనే ఒక స్థితా? రెండవదే అయితే, ఆ మనుషుల లెక్కలోకి రాని వాని మాటేమిటి?

జావా ద్వీపపు కొండ గ్రామాలు, ప్రధానంగా మెరాపి అగ్నిపర్వతం దక్షిణపు వాలుపై ఉన్న పల్లెలు, ఈ ప్రశ్నకు తగిన పరీక్షాస్థలం. మెరాపి శిఖరం యోగ్యకర్త నగరానికి ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ వాలుపై పల్లెలు వెయ్యి మీటర్ల ఎత్తు దాటి కూడా పైకి పాకాయి. పాడి ఆవులు, పశుగ్రాసం, కూరగాయలు అక్కడి జీవనాధారం. దొంగ వచ్చినా, పర్వతం రగిలినా హెచ్చరిక మోగేది ఒకే చెక్క దుంగపైన.

మాటల చుట్టరికం

జావా భాషలో రక్షణకు సంబంధించిన పదజాలం తెలుగు పాఠకునికి పూర్తిగా పరాయిది కాదు. పల్లెను 'దెస' అంటారు. అది మన 'దేశం'. ప్రాణాన్ని తెలిపే 'జివ' జీవమే. ఆస్తిని తెలిపే 'హర్త' సంస్కృత 'అర్థ' శబ్దం నుంచి వచ్చింది. జరిమానా 'దెండ', అంటే దండం. కాపలా కాయడానికీ మేలుకొని ఉండడానికీ కలిపి ఉన్న మాట 'జగ'. మన 'జాగ్రత్త', 'జాగరణ' పుట్టిన ధాతువే దానికీ మూలం. గ్రామ రక్షణ బాధ్యత వహించే అధికారి పేరు 'జగబయ'. భయం పట్ల మేలుకొని ఉండేవాడని దాని అర్థం. తెలుగులో 'జాగ్రత్త' క్రమంగా ఎవరికి వారు చూసుకోవలసిన గుణంగా, హెచ్చరికగా మారిపోయింది. 'జగ' మాత్రం ఇంకా ఒకరి కోసం మరొకరు మేలుకొని ఉండడమనే పాత అర్థాన్ని వదులుకోలేదు.

ఈ సంస్కృత పొరపై అరబ్బీ పొర చేరింది. భద్రతను తెలిపే 'అమాన్' అరబ్బీ పదం. ఒకరిని నమ్మి మరొకరు అప్పగించిన సొమ్ముకు తెలుగులో వాడే 'అమానతు' కూడా ఆ కుదురుదే. అన్నిటికంటె ముఖ్యమైన మాట 'స్లామెత్'. క్షేమం, శాంతి, ఆపద లేకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఇరుగుపొరుగును పిలిచి చేసే సహపంక్తి విందును 'స్లామెతన్' అంటారు. క్లిఫర్డ్ గీర్ట్స్ 1960లో ప్రచురించిన 'ది రెలిజియన్ ఆఫ్ జావా' గ్రంథంలో ఈ పదానికి ఇచ్చిన వివరణ ప్రసిద్ధం: ఎవరికీ ఏమీ జరగకుండా ఉండడమే స్లామెత్. సంపద పెరగడం గాని, శత్రువు నశించడం గాని అందులో కోరికలు కావు. మనిషి అడుగుతున్నది ఒక సాధారణమైన రేపటిని.

కెంతొంగన్, పిడికెడు బియ్యం

జావా పల్లెలో రాత్రి కావలిని 'రొండ' అంటారు. ఇంటికొక పురుషుడు వంతుల వారీగా పాల్గొనాలి. వీధి మొగలో చిన్న పాక ఉంటుంది. అందులో బోలు చేసిన దుంగనో వెదురునో వేలాడదీస్తారు. దాని పేరు 'కెంతొంగన్'. దెబ్బల లెక్కను బట్టి అర్థం మారుతుంది. ఊరినిబట్టి తేడాలున్నా, విస్తారంగా తెలిసిన పద్ధతిలో ఒక్కొక్క దెబ్బగా మోగితే ఎవరో హతమయ్యారని, రెండేసి అయితే దొంగ పడ్డాడని, మూడేసి అయితే ఇల్లు అంటుకున్నదని, నాలుగేసి అయితే ప్రకృతి విపత్తు అని, అయిదేసి అయితే పశువులను తోలుకుపోయారని అర్థం. అన్నీ కుశలమేనని చెప్పడానికీ ఒక దరువు ఉంది. ఎగిరే పావురమని దాని పేరు. హత్యను తెలిపే దరువు పేరు 'రాజపతి'. తెలుగు చెవికి రాజూ పతీ వినిపించినా, జావా భాషలో 'పతి' అంటే మరణం.

ఈ సంకేతాలు ఒక విలువల పట్టిక. ప్రాణహాని దరువు మొదటిది. ఇంటి దొంగతనానికీ పశువుల దొంగతనానికీ వేరువేరు దరువులుండడం ఇంకా ఆసక్తికరం. పశువు పోవడం అంటే పాత్ర పోవడం వంటిది కాదని ఆ దుంగకు తెలుసు. ఈ సంగతి తరువాత మళ్ళీ అవసరమవుతుంది.

రొండకు తోడుగా 'జింపితాన్' అనే ఆచారం ఉంది. ప్రతి ఇంటి ముందు చిన్న డబ్బా గాని, కొబ్బరి చిప్ప గాని వేలాడుతుంది. ఇంటివారు అందులో చిటికెడో పిడికెడో బియ్యం వేస్తారు. గస్తీ తిరిగేవారు రాత్రి దానిని సేకరించి, అమ్మిన సొమ్మును వీధిదీపాలకో, రోగులకో, చావు ఖర్చులకో వినియోగిస్తారు. ఇప్పుడు చాలాచోట్ల బియ్యం బదులు నాణేలు వేస్తున్నారు. పైకి ఇది స్వల్పమైన పన్ను. కాని ఇందులో ఒక సూక్ష్మమైన ఏర్పాటు దాగి ఉంది. తెల్లవారి చూసుకున్నప్పుడు డబ్బాలో బియ్యం అలాగే ఉంటే కావలివాళ్ళు నిద్రపోయారని తేలిపోతుంది. డబ్బా రాత్రికి ఖాళీగా కనిపిస్తే, ఆ ఇంటిలో ఏదో ఇబ్బంది ఉన్నదని కావలివాళ్ళకు తెలుస్తుంది. ఇంటిని కాచేవాడిని ఇల్లు కాస్తుంది.

తెలుగు గ్రామ వ్యవస్థతో పోల్చినప్పుడు ఈ ఏర్పాటు ప్రత్యేకత స్పష్టమవుతుంది. ఇక్కడ కావలి ఒక వృత్తి. తలారికి మాన్యమో, కళ్ళంలో గింజల మేరో ముట్టేది. తరచు సమాజం కింద నిలిపిన కుటుంబాలపైనే ఆ బాధ్యత పడేది. తలారి మేలుకొని ఉంటాడు గనుక మిగిలిన ఊరు నిద్రపోగలదు. జావాలో జగబయకు కూడా సంప్రదాయంగా జీతానికి బదులు అనుభవించే 'బెంకొక్' భూమి ఉండేది. కాని రాత్రి మేలుకోవడం మాత్రం అతని ఒక్కడి పని కాదు. ఇందులో సమానత్వాన్ని అతిగా చూడరాదు. రొండకు రానివారు దెండ కట్టి తప్పుకోగలరు కనుక డబ్బున్నవారు నిద్రను కొనుక్కోవచ్చు. స్త్రీలు ఆ పాకలో కూర్చోరు. పైగా ఈ సంస్థ మొత్తం ఊరి మనసులోనుంచే పుట్టిందనుకోవడం కూడా అమాయకత్వం. ఇరుగుపొరుగు సంఘాల వ్యవస్థను 1944లో జపాను సైనిక పాలకులు జావాపై రుద్దారు. నేటి 'రుకున్ తెతంగ్గ' దాని వారసత్వమే. 1980 దశకం తొలినాళ్ళలో సుహార్తో ప్రభుత్వం రొండను 'సిస్కమ్లింగ్' అన్న పేరుతో రాజ్య భద్రతా యంత్రాంగంలో కలుపుకుంది. అప్పుడు ఊరి దుంగ దొంగతో పాటు రాజ్యానికి నచ్చనివానిని కూడా కనిపెట్టవలసి వచ్చింది.

తాళమూ దుంగా

పాశ్చాత్య రాజనీతి తత్త్వంలో రక్షణ చర్చకు ప్రతీక తాళం. థామస్ హాబ్స్ 1651 నాటి 'లెవయతాన్'లో ఒక నిలదీసే ప్రశ్న వేస్తాడు: చట్టమూ రక్షకభటులూ ఉన్నా మనిషి నిద్రపోయేముందు తలుపు గడియ ఎందుకు వేస్తాడు, సొంత ఇంట్లోనే పెట్టెలకు తాళాలెందుకు పెడతాడు? తోటిమనిషిపై మన అసలు అభిప్రాయమేమిటో ఆ తాళమే చెబుతుందని ఆయన వాదం. జాన్ లాక్ ప్రాణం, స్వేచ్ఛ, భూవసతి మూడింటినీ 'ఆస్తి' అన్న ఒకే పేరు కిందికి తెచ్చాడు. తన ప్రాణం కూడా తన సొత్తే అనుకున్నవానికి రక్షణ అంటే ఆ సొత్తు హద్దులను నిలుపుకోవడమే.

దుంగ వెనుక ఉన్న ఊహ వేరు. తాళం యజమాని లేనప్పుడు పనిచేస్తుంది. దుంగ పనిచేయాలంటే ఎవరో ఒకరు ఉండాలి. జావా నీతిశాస్త్రాన్ని విశ్లేషించిన ఫ్రాంట్స్ మాగ్నిస్-సుసెనో దానికి రెండు మూల సూత్రాలు చెప్పారు: సంఘర్షణను తప్పించే 'రుకున్', ఎదుటివాని స్థానాన్ని గుర్తించే 'హొర్మత్'. ఈ రెండూ ఉన్నచోట పొరుగువాడు అనుమానానికి గురి అయ్యే వ్యక్తి కాడు. తన నిద్రకు పూచీదారు.

ఇంతవరకు చెప్పుకున్నది నిజమే. దీనితో ఆగిపోయే వ్యాసాలు తూర్పు దేశాల సామూహికతను మెచ్చుకొని ముగుస్తాయి. కాని పూచీ ఇచ్చే పొరుగువాడు లేనివాడు ఒకడున్నాడు.

దొంగ ప్రాణం

జావా పల్లెలో పట్టుబడిన దొంగను 'మలింగ్' అని అరిచి గుంపు కొట్టి చంపడం అరుదైన ఘటన కాదు. దానికి ఇండోనేషియా భాషలో ఒక స్థిరమైన పేరే ఉంది: 'మైన్ హకిమ్ సెందిరి', తామే న్యాయమూర్తులై ఆడుకోవడం. పోయినది మేకో, మోటారు సైకిలో అయి ఉంటుంది. ప్రాణానికి మొదటి దరువు కేటాయించిన ఊరే ఆ రాత్రి మేకను ప్రాణంపైన తూచుతుంది. 1998లో సుహార్తో పతనానంతరం తూర్పు జావాలో, ముఖ్యంగా బన్యువంగి ప్రాంతంలో, చేతబడి చేస్తారన్న అనుమానంపై వందమందికి పైగా హతులయ్యారు. ముసుగు మనుషులు తిరుగుతున్నారన్న వదంతితో ఊరూరా రాత్రి కావలి బలపడింది. ఆ కావలి చేతిలో మతిస్థిమితం లేక తిరుగుతున్న అభాగ్యులు కూడా చనిపోయారు. ఊరూ పేరూ చెప్పుకోలేకపోవడమే వారి నేరం.

దీనిని అజ్ఞానమని తోసివేస్తే ప్రశ్న మిగిలిపోతుంది. పరిచయం మీద నిలిచిన రక్షణకు ఇది బయటి నుంచి వచ్చిన వికృతి కాదు, దానిలోనే ఉన్న లోపం. ఎవరి ఇంటి ముందు డబ్బా వేలాడదో అతనికి ఆ రాత్రి లెక్కలో చోటు లేదు. రక్షణ ఒక సంబంధమైనప్పుడు సంబంధం లేనివానికి అది హక్కుగా దక్కదు. రాజ్యం ఇందుకు విరుగుడు అని చెప్పడానికీ జావా చరిత్ర సులభంగా ఒప్పుకోదు. 1983–85 నడుమ 'పెత్రుస్' అన్న పేరుతో, నేరస్థులని ముద్రపడిన వేలమందిని విచారణ లేకుండా కాల్చి, శవాలను నలుగురూ చూసేచోట పడవేశారు. 1989లో వెలువడిన ఆత్మకథలో సుహార్తో దానిని భయపెట్టి దారికి తెచ్చే చికిత్సగా సమర్థించుకున్నాడు. గుంపు ఆవేశంలో చేసినదాన్ని రాజ్యం ప్రణాళికగా చేసింది.

దొంగ ఎవరన్న నిర్ణయం కూడా ఎప్పుడూ ఊరి చేతిలో లేదు. 1870 నాటి డచ్చి వ్యవసాయ చట్టంతో కూడిన ప్రకటన ప్రకారం ఎవరిదని రుజువు కాని భూమి అంతా రాజ్యానిది. అడవి రాజ్యానిదైన తరువాత కట్టె కొట్టుకున్న రైతు దొంగ అయ్యాడు. జావా అడవులపై నాన్సీ పెలూసో 1992లో ప్రచురించిన గ్రంథం ఈ ప్రక్రియను వివరంగా చూపింది. మెరాపి పై వాలు 2004లో జాతీయ ఉద్యానవనమైంది. అప్పటిదాకా ఆవుకు గడ్డి కోసుకున్న చోటు రక్షిత ప్రాంతం అయింది. ఇంటిలో దూరినవానిని మలింగ్ అని వెంటాడే ఊరు, అటవీ చట్టం కళ్ళకు తానే మలింగ్. ఈ రెండు అనుభవాలను కలిపి ఆలోచించే అవకాశం ఊరికి ఉన్నా, రెండు మోతల దరువు మోగిన రాత్రి ఆ ఆలోచనకు వ్యవధి ఉండదు.

జావా సంప్రదాయంలోనే మరొక సమాధానం ఉంది. ఇస్లామును జావాలో వ్యాపింపజేసిన తొమ్మిదిమంది సాధువులలో సునన్ కలిజగ ఒకరు. జనశ్రుతి ప్రకారం ఆయన తుబాన్ పాలకుని కుమారుడు; దారి దోపిడీకి దిగినవాడు. ఒకనాడు సునన్ బొనంగ్‌ను అటకాయించాడు. బొనంగ్ అతనిని శిక్షించలేదు, నీతి బోధించలేదు. నది ఒడ్డున ఉండి కాపలా కాయమని చెప్పి వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచాయి. చెట్లూ తీగలూ అతని చుట్టూ అల్లుకున్నాయి. బొనంగ్ తిరిగి వచ్చేసరికి దొంగ స్థానంలో సాధువు ఉన్నాడు. 'కలి' అంటే నది, 'జగ' అంటే కాపలా. గీర్ట్స్ 'ఇస్లామ్ అబ్జర్వ్‌డ్'లో ఈ కథను జావా ధార్మిక స్వభావానికి నమూనాగా తీసుకున్నాడు. తెలుగు పాఠకునికి వెంటనే పుట్టలోని వాల్మీకి స్ఫురిస్తాడు. దోపిడీకాడు కదలకుండా కూర్చుని మరొకడు కావడం రెండు కథలలోనూ సమానం. కాని భేదం గమనించదగినది. బోయవాడు తన పాపంలో ఇంటివారు పాలుపంచుకోరని తెలుసుకొని విరక్తుడవుతాడు, తపస్సుకు కూర్చుంటాడు. కలిజగకు అందినది ఒక కాపలా పని. అపనమ్మకానికి పాత్రుడైన వానిని నమ్మి ఏదో ఒకటి అప్పగించడం, అంటే అమానతు పెట్టడం, ఇక్కడి సంస్కారం. రాత్రివేళ వ్యాధి, భూతం, దొంగ దరిచేరకుండా పాడుకునే 'కిదుంగ్ రుమెక్స ఇంగ్ వెంగి' అనే రక్షాగీతాన్ని కూడా ఆయనకే ఆపాదిస్తారు. ఒకప్పటి దొంగ కట్టిన పాటతో దొంగను దూరం పెట్టుకోవడంలోని విశేషం పాడేవారికి తెలియనిది కాదు. పాటలో నిలిచిన ఈ వివేకం దుంగ దాకా ఎందుకు రాలేదన్నది జావా నీతిచింతన ఎదుర్కోవలసిన ప్రశ్న.

ఆవు కోసం వెనుదిరిగినవారు

దొంగ విషయంలో ఊరు ధనాన్ని ప్రాణంపైన నిలిపిందన్న తీర్పు న్యాయమే. అదే తీర్పును అగ్నిపర్వతం విషయానికి కూడా వర్తింపజేయడం మాత్రం తొందరపాటు.

2010 అక్టోబరు 26న మెరాపి విస్ఫోటనం చెందింది. నవంబరు 5న మరింత తీవ్రమైన విస్ఫోటనం జరిగింది. మొత్తం మీద 350 మందికి పైగా మరణించారు. ఖాళీ చేయమన్న ఆజ్ఞ ముందే వెలువడింది, లక్షల మంది శిబిరాలకు తరలారు. అయితే శిబిరాలలో ఉన్నవారిలో అనేకులు పగటిపూట పైకి వెళ్ళి గడ్డి కోసి, ఆవులకు వేసి, పాలు పితికి తిరిగి వచ్చేవారు. నగర వార్తాపత్రికల పాఠకునికి ఇది ప్రాణంకంటె పశువును ఎక్కువగా చూసుకున్న మూర్ఖత్వంగా కనిపించవచ్చు. ప్రభుత్వం చివరకు పశువులను తానే కొంటానని ప్రకటించవలసి వచ్చింది.

ఆవు పాత్ర వంటిది కాదని కెంతొంగన్ సంకేతమే చెప్పింది. మేత వేసేవారు లేకుంటే చచ్చిపోయే ఆస్తి అది. బిడ్డ చదువు, పెళ్ళి, ఇంట్లో ఎవరికైనా జబ్బు, స్లామెతన్‌కు పిలిచే పొరుగువారి ముందు నిలిచే ముఖం, అన్నీ దాని మీద ఆధారపడి ఉన్నాయి. తెలుగు సమాసంలో ధనానికీ ప్రాణానికీ నడుమ 'మానం' ఎందుకు నిలిచిందో ఇక్కడ అర్థమవుతుంది. ధనం పోయినవాడు ఊరిలో ఇచ్చి పుచ్చుకునే చోటును పోగొట్టుకుంటాడు. ఆ చోటు పోయినవానికి ప్రాణం నిలిచినా దానిని కాచేవారు ఉండరు. పైకి వెళ్ళిన రైతు తన ప్రాణాన్ని ఆవుతో తూచలేదు. రెండు రకాల వినాశాలలో ఏది నిశ్చితమో, ఏది అనిశ్చితమో తూచాడు. పర్వతం ఈ రోజే రగులుతుందా అన్నది అనిశ్చితం. మేత వేయకుంటే ఆవు చావడం నిశ్చితం.

ఆనాడే మెరాపి సంరక్షకుడు మబా మరిజన్ కినాహ్‌రెజో పల్లెలోని తన ఇంటి వద్ద మరణించాడు. 1982లో సుల్తాన్ తొమ్మిదవ హమెంగ్కుబువొనొ ఆయనను ఆ పదవిలో నియమించాడు. ఆయన బిరుదు 'సురక్సొహర్గొ'. 'సురక్ష' శబ్దానికి కొండ అన్న అర్థం గల 'అర్గ' చేరగా ఏర్పడిన పేరది. 2006లోనూ ఆయన దిగి రాలేదు. అప్పుడు ప్రాణం దక్కింది. రైతు స్థితికి ఆయన స్థితి సమానం కాదు. ఆయన కోసం ఆగవలసిన ఆవు లేదు, అప్పగింత ఉంది. రాజు మారినా, పర్వతం కదిలినా అప్పగింత మారదన్న నిష్ఠలో గొప్పతనం లేకపోలేదు. కాని ఆయనను కిందికి తీసుకురావాలని పైకి వెళ్ళినవారిలోనూ కొందరు ఆ మేఘంలో పడి మరణించారు. తన ప్రాణం తన ఇష్టమన్న వాదం అక్కడ తెగిపోతుంది. ఒకరికోసం ఒకరు మేలుకొనే ఊరిలో ఎవరి మొండితనమూ వారి ఒక్కరిదే కాదు.

రాజ్యం పక్షాన ఒక మాట చెప్పవలసి ఉంది. ఖాళీ చేయించే ట్రక్కు ఎక్కేవాని ఇంటి ముందు డబ్బా ఉన్నదా అని అడగదు. ఊరు చేయలేకపోయిన పని అది: పరిచయంతో నిమిత్తం లేకుండా ప్రాణాన్ని ప్రాణంగా గుర్తించడం. మలింగ్ అన్న కేక వినబడిన రాత్రి కావలసినదీ ఆ గుర్తింపే. కాని ట్రక్కు ప్రాణాన్ని ఒక్కదాన్నే ఎక్కించుకుంది. అది దేనితో అల్లుకొని ఉన్నదో దానిని పైనే వదిలేసింది. అందుకే మరునాడు ఆ ప్రాణం మళ్ళీ కొండెక్కింది.

విస్ఫోటనం తరువాత అత్యంత ప్రమాదకర ప్రాంతంలో నివాసం ఉండరాదని ప్రభుత్వం నిర్ణయించింది. కినాహ్‌రెజో వాసులు కింద కట్టిన స్థిరనివాసాలకు మారారు. పాత భూమిపై హక్కు మాత్రం వారిదే. పగలు సాగు చేసుకోవచ్చు, రాత్రి పడుకోరాదు. గ్లగహర్జో పరిధిలోని కలితెంగా లోర్, కలితెంగా కిదుల్, స్రునెన్ పల్లెలవారు ఈ ఏర్పాటుకు సమ్మతించక, పైకి తిరిగి వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు. మనిషి నిద్రించని చోట రొండ ఉండదు, రొండ లేని చోటును దెస అనడం కుదరదు అన్న తర్కం వారిది అనుకుంటే, ఆ నిరాకరణ కేవలం మొండితనంగా కనిపించదు.

2020 నవంబరు 5న మెరాపి ప్రమాద స్థాయిని మళ్ళీ పెంచారు. కలితెంగా లోర్ నుంచి వృద్ధులను, పిల్లలను, గర్భిణులను కిందికి దించారు. ఈసారి మనుషుల ఆశ్రయాలతో పాటు పశువులకు కూడా కింద కొట్టాలు సిద్ధం చేశారు. ఆవులను ట్రక్కులలో ఎక్కించి దించారు.